నొప్పి ఒకటే, పేర్లు అనేకం

పరుగు అలవాటున్నవారికి తెలిసిన నొప్పి ఒకటుంది. మడమలో కాదు, చీలమండలో కాదు. అరికాలి ముందుభాగాన, వేళ్ళ మొదళ్ళ కింద, నేలను తన్ని లేచేటప్పుడు దేహభారమంతా మోసే చోట. బూటులో గులకరాయి చేరిందేమో అనిపిస్తుంది. విప్పి దులిపితే ఏమీ రాలదు. ఉదయపు పరుగులో నాకూ పరిచయమైన ఈ నొప్పి చరిత్రను వెతుకుతూ పోయి, చివరికి పందొమ్మిదో శతాబ్దపు సైనికుల దగ్గర తేలాను.

1855లో ప్రష్యా సైనికవైద్యుడు బ్రైట్‌హౌప్ట్, సుదీర్ఘమైన కవాతుల తరువాత సైనికుల పాదాలు వాచి నొప్పెట్టడాన్ని వర్ణించాడు. స్నాయువుల పైపొరలు వాచాయని ఆయన భావించాడు. చర్మం కోయకుండా ఎముకను చూసే సాధనం ఆనాడు లేదు మరి! 1895లో రంట్‌గెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. రెండేళ్ళు తిరక్కుండానే, 1897లో, ష్టెకో అనే జర్మను వైద్యుడు అటువంటి పాదాలను ఆ కిరణాలతో పరీక్షించాడు. వేళ్ళ వెనుక ఉండే పొడుగాటి ఎముకలు విరిగి ఉన్నాయి. ఒక్క దెబ్బకు కాదు, వేలాది అడుగుల ఒత్తిడికి.

అదే చోట పుట్టే మరో నొప్పిది వేరే కథ. 1835లో ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు చివినీని వేళ్ళ మధ్య నరం ఉబ్బి ఉండటాన్ని గమనించాడు. 1845లో విక్టోరియా రాణి పాదవైద్యుడు డర్లాకర్ ఆ బాధను వర్ణించాడు. కానీ పేరు దక్కింది మాత్రం 1876లో దాని గురించి రాసిన ఫిలడెల్ఫియా శస్త్రవైద్యుడు థామస్ మోర్టన్‌కు. నరం నలుగుతోందని ఆయన ఊహించాడు. అయినా కత్తి పెట్టింది నాలుగో వేలి మొదటి కీలు మీద. నేటికీ దాన్ని ‘మోర్టన్ న్యూరోమా’ అంటున్నాం. నిజానికి అది కణితి కాదు, నరం చుట్టూ దళసరెక్కిన పీచుకణజాలం. 1951లో ముల్డర్ ఒక సులువైన పరీక్ష చెప్పాడు: పాదం ముందుభాగాన్ని రెండు పక్కల నుంచీ నొక్కితే, లోపల ‘టక్’మని తెలుస్తుంది.

ఈ పాతకథలు ఇప్పుడెందుకంటారా? నాతో పరుగెత్తే మిత్రుడొకరు మొన్న, “ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, ఆదివారం పది కిలోమీటర్లు పరుగెత్తేస్తాను” అన్నారు. ఒత్తిడి వల్ల ఎముకలో వచ్చిన పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేకు చిక్కకపోవచ్చు. ఎముక మానటం మొదలయ్యాకనే చాలాసార్లు జాడ కనిపిస్తుంది. నరమైతే ఎన్నడూ కనిపించదు. ‘ఎక్స్‌రేలో ఏమీ లేదు’, ‘పాదంలో ఏమీ లేదు’ అన్నవి రెండు వేర్వేరు వాక్యాలు.

తేడా చాలావరకు వేలికొసకే తెలుస్తుంది. పాదం పైన ఒకే ఎముక మీద నొక్కితే ప్రాణం విలవిల్లాడి, పరుగెత్తేకొద్దీ నొప్పి ముదురుతుంటే ఎముకను అనుమానించాలి. మూడు, నాలుగు వేళ్ళ నడుమ మంట, తిమ్మిరి ఉండి, బూటు విప్పగానే ఊరట కలిగితే నరాన్ని. బొటనవేలి మొదటనే అయితే, నువ్వుగింజ పేరు పెట్టుకున్న సెసమాయిడ్ ఎముకలను. సందేహం మిగిలితే పగులును తొలినాళ్ళలోనే పట్టేది ఎమ్మారై.

ఈ విచక్షణ పాండిత్యం కోసం కాదు. నరానికి వెడల్పాటి బూటుతోనే కొంత ఉపశమనం దొరకవచ్చు. పగిలిన ఎముక మీద పరుగెత్తితే అది పూర్తిగా విరగవచ్చు. అందుకే మిత్రుణ్ణి ఆ ఆదివారం ఆపి, మళ్ళీ వైద్యుడి వద్దకు పంపాను. ఈసారి బొమ్మతో పాటు, ఈమధ్య ఎంత దూరం పెంచారో, ఏ బూటు మార్చారో కూడా చెప్పమన్నాను. బ్రైట్‌హౌప్ట్ దగ్గర ఎక్స్‌రే లేకపోయినా, ఆ పాదాలు ఎంత దూరం నడిచి వచ్చాయో ఆయనకు తెలుసు.