మాల తీసిన మర్నాడు

కార్తీకం రాగానే భూపాలపల్లి సింగరేణి కాలనీల్లో అయ్యప్ప మాల వేసినవాళ్ల నల్లబట్టలు కనిపిస్తాయి. నిన్నటిదాకా పేరు పెట్టి, ఒక్కోసారి తిట్టు పెట్టి పిలిచిన మనిషిని ఇవాళ అందరూ ‘స్వామీ’ అంటారు. భార్యాపిల్లలదీ అదే పిలుపు. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, రాత్రికి భజన, నేలమీద పడక. బొగ్గుబాయిలో పని దిగి వస్తూ వైన్సు ముందు ఆగే కాళ్లు పీఠం వైపు నడుస్తాయి. ఏళ్ల తరబడి ఒక్క పూట ఆగలేనివాళ్లు 41 రోజులు ఆగుతారు. చూసీ చూసీ ఇది మనకు మామూలైపోయింది గానీ, ఎంత గొప్ప సంగతి! ఇరుముడి దించి, మాల తీసిన మర్నాడే మళ్లీ సీసా పట్టినవాళ్లనూ చూశాను. ఆ 41 రోజులూ వాళ్లను ఆపింది దైవభయమా, నియమమా, పక్కనున్న తోటి స్వాములా?

ఈ ప్రశ్నకు 1935లో అమెరికాలో ఒక జవాబు దొరికింది. ఒహాయో రాష్ట్రంలో ఏక్రన్ అనే టైర్ల కంపెనీల ఊరు. న్యూయార్క్ నుంచి వ్యాపారం పని మీద వచ్చిన బిల్ విల్సన్‌కు ఆ పని చెడింది. తాగుడు మాని అప్పటికి అయిదు నెలలే. దిగిన హోటల్లో ఒక పక్క బార్ సందడి, ఇంకో పక్క టెలిఫోను, దాని దగ్గర ఊళ్లోని చర్చిల పట్టిక. ఆయన ఫోను వైపు నడిచాడు. తనలాంటి తాగుబోతు ఎవరైనా ఉంటే మాట్లాడించమని అడిగాడు. హెన్రియెటా సీబర్లింగ్ అనే ఆవిడ చొరవతో మర్నాడు డాక్టర్ బాబ్ స్మిత్‌ను కలిశాడు. పావుగంటలో లేచిపోదామని వచ్చిన ఆ సర్జను ఆరు గంటలు కూర్చున్నాడు. జూన్ 10న ఆయన ఆఖరిసారి తాగాడు. ఆ తేదీనే తాగుడు మానేవాళ్ల సహవాసం ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా లెక్కపెడతారు.

ఇందులో నన్ను పట్టేసిన సంగతి వేరే ఉంది. డాక్టర్ బాబ్ అంతకు ముందు రెండేళ్లకు పైగా ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ బృందం ప్రార్థనలకు వెళుతూనే ఉన్నాడు. మోకరిల్లాడు, గ్రంథాలు చదివాడు, తాగుతూనే ఉన్నాడు. బిల్ కొత్త దేవుణ్ణేమీ తేలేదు. నీతులు చెప్పలేదు. తను ఎలా పడ్డాడో చెప్పుకున్నాడు. అది చెప్పుకోకపోతే మళ్లీ తాగేస్తానన్న భయం ఆయనది. ప్రార్థన ఒక్కటే చేయలేని పని, ప్రార్థనకు సాటి తాగుబోతు తోడైనప్పుడు జరిగింది. 1939లో అచ్చయిన వాళ్ల పుస్తకంలో పన్నెండు మెట్లు ఉన్నాయి. దేవుణ్ణి ఎవరికి తోచినట్టు వాళ్లు తలచుకోవచ్చు. చేసిన తప్పులు మరో మనిషి ముందు ఒప్పుకోవాలి, నొప్పించినవాళ్ల దగ్గరికి వెళ్లి సరిదిద్దుకోవాలి. ఆఖరి మెట్టు, ఇంకో తాగుబోతును చేయిపట్టి లేపడం. తాగుడు దాహం అడుగున సంపూర్ణత కోసం ఆత్మ పడే దాహం ఉందని మనస్తత్వవేత్త యూంగ్ 1961లో బిల్‌కు ఉత్తరం రాశాడు.

ఆ మాట మన నేలకు కొత్తగా తోచదు. ఇక్కడ అమ్మవార్లకు కల్లు సాక పోస్తాం. మేడారం చుట్టూ కోయగూడేల్లో ఇప్పసారా కొలుపులో భాగం. అందుకే మన దగ్గర తాగుబోతును పాపి అని తోసేయడం అన్యాయం, అబద్ధం కూడా. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మకు ఈ సంగతి తెలుసనుకుంటాను. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలతో దళితవాడల జనాన్ని కూడగట్టి, తాగుడు మాన్పించడానికి పాటుపడ్డాడు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకుంటూ సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. ఆ అమ్మల పోరాటానికి చేతులెత్తి మొక్కాలి. దుకాణం మూయించిన ఆ తల్లుల వెనక, వణికే చేతులతో ఇంట్లో కూర్చున్న మగాడి పక్కన కూర్చోవడానికి మాత్రం ఎవరూ లేకపోయారు.

వణుకు అనేది ఊరికే అన్న మాట కాదు. రోజూ తాగే ఒళ్లు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. మాల వేసేముందు డాక్టరుకు చూపించుకోవడం భక్తికి తక్కువేం కాదు. కేంద్ర ప్రభుత్వ సహాయ నంబరు 14446కు ఎవరైనా ఫోన్ చేయవచ్చు. డాక్టర్ బాబ్ కూడా క్రైస్తవ సన్యాసిని సిస్టర్ ఇగ్నేషియాతో కలిసి ఏక్రన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలోనే తాగుబోతులను చేర్చుకుని చూశాడు. ఫీజు తీసుకోకుండా దాదాపు 5,000 మందిని చూశాడంటారు. 1950లో కన్నుమూసేదాకా మళ్లీ చుక్క ముట్టలేదు.

ఆల్కహాలిక్స్ అనానిమస్ సహవాసం 1957లో బొంబాయి చేరింది. ఇప్పుడు హైదరాబాద్‌లో తెలుగులోనూ సమావేశాలు జరుగుతున్నాయి. రుసుము లేదు, ఇంటిపేరుతో పని లేదు. మాల వేసినవాళ్లందరూ ‘స్వామి’ అయినట్టే అక్కడా అందరూ ఒకటే. తేడా అల్లా, అక్కడ 41వ రోజు లేదు. ‘ఇవాళ ఒక్కరోజు తాగను’ అనుకుంటారు, రేపు మళ్లీ అదే మాట.

అందుకే మా భూపాలపల్లి గురుస్వాములను ఒకటి అడుగుతున్నాను. మకరజ్యోతి అయిపోయాక పీఠానికి తాళం వేయకండి. వారానికో సాయంత్రం, నల్లబట్టలు లేకపోయినా, చాప పరిచి ఉంచండి. ఫస్ట్ షిఫ్టు దిగి ఇంటికి పోలేక, వైన్సుకు పోకూడదనుకుని రోడ్డు మీద నిలబడ్డవాడు ఒకడు ఉంటాడు. వాణ్ణి మళ్లీ ‘స్వామీ’ అని పిలవండి.