వైణవిక శబ్దవిచారము

వేణువు నూఁదువానికి వేణుధ్ముఁడు, వైణవికుఁడు అని రెండు పేళ్లు చెప్పి, వెంటనే వీణావాదునికి వైణికుఁడని యమరసింహుఁడు చెప్పినాఁడు. ఈ సాన్నిధ్యముచే వైణికశబ్దము వేణువాదకునకును జెల్లునను భ్రమ కలుగుటకుఁ జోటున్నది. చెవికి భేద మొక్క వకారమే. వ్యుత్పత్తికి దారులే వేఱు.

వీణాశబ్దముమీఁద శిల్పార్థమున (పాణిని 4-4-55) ఠక్కు వచ్చి, ఠకారమున కికాదేశమును, ఆదివృద్ధియుఁ గాఁగా వైణికశబ్దము సిద్ధించును. వేణుశబ్దమున నిట్లు పోరాదు. ఉగంతమునకుఁ బరమైన ఠకారమునకు 7-3-51వ సూత్రము కాదేశమునే విధించుచున్నది. కావున నేరుగా వచ్చునది వైణుకమే. అట్లయిన నమరుని ప్రయోగ మసాధువా? కాదు. వేణుశబ్దము బిల్వాదిగణమునఁ బఠితము. వికారార్థమున (4-3-136) అణ్ప్రత్యయము వచ్చి, ఉకారమునకు గుణావాదేశములు గాఁగా వైణవమగును. వెదురుతోఁ జేసినదని యర్థము. ఆ వైణవమును వాయించుట యెవ్వనికి శిల్పమో వాఁడు వైణవికుఁడు. ఒక్క శబ్దమునఁ దద్ధితములు రెండు!

వాయించుట యనునది యిందేల చేర్పవలె నందురేమో. మృదంగము శిల్పముగాఁ గలవాఁడు మార్దంగికుఁడైనచోఁ గుమ్మరికిని ఆ పేరు రావలసివచ్చునని భాష్యకారుఁ డాక్షేపించి, వాదనమునే గ్రహించినాఁడు. ఆ న్యాయముననే వెదురుఁ గోసి తొలిచిన మేదరివాఁడు వైణవికుఁడు గాఁడు.

వేణుధ్మశబ్దమున నీ చిక్కు లేదు. ధ్మాధాతువుపైఁ గప్రత్యయము (3-2-3). ఈ నిర్మాణము మిగులఁ బ్రాచీనము. వాజసనేయసంహిత 30వ యధ్యాయమునఁ బురుషమేధప్రకరణమున వీణావాద శంఖధ్ములతోఁ దూణవధ్ముఁడు గానవచ్చును. తూణవ మొక సుషిరవాద్యము.

అమరుఁడు వంశాదివాద్యములను బ్రథమకాండమున నాట్యవర్గమునఁ జెప్పి, వాయించువారిని ద్వితీయకాండమున శూద్రవర్గమున నుంచినాఁడు. వైణవికశబ్దము వృత్తిని సూచించునని దీనివలనఁ దోఁచుచున్నది. గోపాలదేవుఁడు మురళీధరుఁడు, వంశీధరుఁడు అని ప్రసిద్ధుఁడే కాని వైణవికుఁడని కాఁడు.

సంగీతగ్రంథములు వంశశబ్దమువైపు మొగ్గినవి. నాట్యశాస్త్రమునఁ గుతపమున వైపంచిక వైణికులతో వంశవాదుఁడు వేఱుగాఁ జెప్పఁబడెను. దేవగిరి యాదవరాజగు సింఘణుని (1210–1247) యాశ్రయమున శార్ఙ్గదేవుఁడు రచించిన సంగీతరత్నాకరమున వాంశికుని లక్షణమే కలదు. వంశశబ్ద మకారాంతము గావున నిందు ఠక్కు నిరాటంకముగా వచ్చును. వ్యాప్తికి నిదియు నొక కారణము గావచ్చును.

తెలుఁగున వాద్యమునకుఁ బిల్లనగ్రోవి యని చక్కని పేరున్నను (క్రోవి యనఁగా గొట్టము) వాదకునకు వైణవికశబ్దము వ్యవహారమునకు రాలేదు. వైణికుఁడు వీణయందే రూఢుఁడు. కనుక వ్రాఁతప్రతులలో వేణుప్రసక్తి గలచోట వైణికపాఠము గానవచ్చినప్పుడు వకారలోపమును ముందుగా శంకింపవలయును; వకారమును నిలుపఁబోయి వైష్ణవికునిఁ జేయకుండుటయు నవసరమే.