తుపాకి దిగింది, కంచె మిగిలింది

1947కు ముందటి సంస్థానాల పటాన్నీ, ఇవాళ్టి అభయారణ్యాల పటాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. రణథంబోర్ జైపూర్ మహారాజుల వేటభూమి. సరిస్కా అల్వార్ వారిది, బాంధవ్‌గఢ్ రేవా వారిది, బందీపూర్ మైసూరు ఒడయార్లది, గిర్ జునాగఢ్ నవాబులది. మన దగ్గర మెదక్ పక్కన పోచారం, వరంగల్ అవతల పాకాల, హైదరాబాద్ అంచున వనస్థలిపురం జింకల పార్కు నిజాముల షికారు చోట్లు. పెద్ద మృగాలు మిగిలిన మన అడవుల్లో చాలావాటికి ఒకప్పుడు ఒక యజమాని ఉండేవాడు. ఆయన భుజాన తుపాకి ఉండేది.

ఈ సంగతి మింగుడు పడదు. కానీ దీన్ని పక్కన పెట్టి మన వన్యప్రాణి సంరక్షణ కథ చెప్పడం కుదరదు. రాజు మృగాన్ని కాపాడింది తాను చంపుకోవడానికే. అయినా కాపాడాడు. ఆ కాపుదలకు ఖర్చు పెట్టుకున్నది మాత్రం అడవి అంచున బతికే మనిషి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రాజు తుపాకిని దింపించింది. పల్లెవాడి ముందున్న కంచెను ముట్టుకోలేదు. రెండువేల ఏళ్ల వెనక్కి వెళ్లినా ఈ ముడి కనిపిస్తూనే ఉంటుంది.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో రాజు విహారానికి మృగవనం ఎలా ఉండాలో వివరంగా ఉంది. చుట్టూ కందకం, ఒక్కటే ద్వారం, తీపి పండ్ల చెట్లు, ముళ్లు లేని మొక్కలు, లోతు తక్కువ కొలను. లోపల వదిలే క్రూరమృగాలకు గోళ్లూ కోరలూ తీసేసి ఉండాలి. ఏనుగుల అడవి వేరు, అది సైన్యానికి సంబంధించిన ఆస్తి. అక్కడ ఏనుగును చంపినవాడికి మరణశిక్ష. అడవిని హద్దు గీసి సొంతం చేసుకోవడం, లోపలి జంతువుకు రక్షణ, బయటివాడికి శిక్ష అన్న మూడూ అప్పటికే కలిసి ఉన్నాయి.

అశోకుడు వేట మానేశాడని బడిలో చదువుకున్నాం. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఆయన మాటలు ఇప్పటికీ ఉన్నాయి. వంటశాలలో లక్షల ప్రాణాలు తెగేచోట ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమే తెగుతున్నాయనీ, ఇకమీదట అవీ ఉండవనీ మొదటి శాసనం. వెనకటి రాజులు వేటతో కూడిన విహారయాత్రలు చేస్తే తాను ధర్మయాత్రలు చేస్తున్నానని ఎనిమిదోది. అదే వరుసలో పదమూడో శాసనం కూడా ఉంది. కళింగ యుద్ధానికి పశ్చాత్తాపపడుతూనే, తన ఏలుబడిలోని అడవి జనానికి తన బలం ఇంకా తగ్గలేదని చక్రవర్తి అందులో గుర్తు చేస్తాడు. జింక మీద దయ, అడవి మనిషికి హెచ్చరిక ఒకే వరుస శాసనాల్లో చేరాయి. ఎర్రగుడి అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఈ చేరికే.

మొగలులు వేటను రాజ్యతంత్రంలో భాగం చేశారు. జహంగీర్ తన లెక్కలు తానే రాయించాడు. పన్నెండేళ్ల వయసు నుంచి 1617 దాకా తన సమక్షంలో వేటాడిన ప్రాణులు 28,532, వాటిలో స్వహస్తాలతో చంపినవి 17,167. అంత చంపినా అడవి తరిగిపోయినట్టు అతనికి అనిపించలేదు. అప్పటి అడవులు అంత విస్తారం.

ఆ విస్తారానికి గండి కొట్టింది ఇంగ్లీషువాళ్ల కాలం. రైలు పట్టాల కింద వేసే దూలాలకు కలప కావాలి, పన్ను పెరగాలంటే సాగు పెరగాలి. పులిని చంపినవాడికి సర్కారే బహుమానం ఇచ్చింది. మరోపక్క 1878 అటవీ చట్టం, మద్రాసులో 1882 చట్టం అడవిని రిజర్వు చేసి, అందులో మేతకీ వంటచెరకుకీ పోడుకీ వేటకీ అనుమతులు పెట్టాయి. లైసెన్సు చేత పట్టుకుని వచ్చే దొర వేటగాడయ్యాడు. ఉచ్చు వేసుకుని కుందేలు పట్టుకునే గిరిజనుడు దొంగయ్యాడు. ఈ బాధ తెలుగువాళ్లకు పుస్తకాల్లో చదివి తెలియాల్సింది కాదు. పల్నాడులో పశువుల మేతకు పుల్లరి కట్టబోమని తిరగబడి కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తూటాలకు నేలకొరిగాడు. అదే ఏడు ఆగస్టులో మన్యం రగిలింది. అల్లూరి సీతారామరాజు వెనక నడిచినవాళ్ల కోపంలో సగం అటవీ చట్టం మీదిదే.

సంస్థానాల్లో దొర స్థానంలో రాజు ఉన్నాడు. అతిథి దొరే. 1902 వేసవిలో వైస్రాయ్ కర్జన్, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ రాజ్యంలో వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర డేరాలు వేసి పులులను వేటాడాడు. చచ్చిన పులి ముందు దొర, దొరసాని నిలబడి తీయించుకున్న ఆ ఫోటో లోకమంతా తిరిగింది. అలాంటి వేటకు ముందు ఎంత పని జరగాలో తలుచుకోండి. ఎర కట్టాలి, పులి జాడ పట్టాలి, మంచె కట్టాలి, హాకా కొట్టే జనాన్ని పోగుచేయాలి. డప్పులతో కేకలతో పులిని మంచె వైపు తోలేది కాలినడకన, వట్టి చేతులతో నడిచే ఊరివాళ్లు. చాలా సంస్థానాల్లో ఆ కూలి వెట్టి కిందే పోయింది.

హాకా ఒక రోజుది. ఏడాది పొడవునా పీడించింది మరొకటి. రాజుగారి వేటకు ఉంచిన అడవిపందిని రైతు చంపకూడదు. అల్వార్‌లో పందులు చేలు తవ్విపోస్తుంటే జనం చూస్తూ ఉండాల్సివచ్చింది. 1920ల మొదట్లో అక్కడి రైతులు దాని మీదే ఆందోళనకు దిగారు. ఇవాళ ఆదిలాబాద్‌లోనో ప్రకాశంలోనో పంది తొక్కిన చేను గట్టున నిలబడ్డ రైతు మాట్లాడేది అక్షరాలా ఆ మాటే. వంద ఏళ్లలో మారింది దరఖాస్తు పెట్టుకునే గడప ఒక్కటే.

భరత్‌పూర్ గురించి కాస్త ఆగి చెప్పాలి. అక్కడి కేవలదేవ్ చిత్తడినేల సహజంగా ఉన్నది కాదు. పల్లపు నేలకు అజాన్ బంద్ నుంచి కాలువలతో నీళ్లు మళ్లించి, గట్లు పోసి, బాతుల వేట కోసం రాజులు చేయించుకున్నది. 1902లో పెద్ద వేటలు మొదలయ్యాయి. ఏ రోజు ఎవరు వచ్చారో, ఎన్ని పిట్టలు రాలాయో రాతి పలకల మీద చెక్కించారు, ఆ పలకలు నేటికీ అక్కడి కేవలదేవ్ గుడి దగ్గర ఉన్నాయి. 1938 నవంబర్ 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్క రోజులో 4,273 పక్షులను కూల్చింది. ఆ అంకె చదివితే ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ రాజు నీళ్లు మళ్లించకపోతే, ఆ నేలను సాగుకు ఇచ్చేసి ఉంటే, సైబీరియా కొంగ దిగడానికి అక్కడ చోటే ఉండేది కాదు. తుపాకులు మోగని రోజుల్లో చుట్టుపక్కల గేదెలు అందులో మేసేవి, జనం గడ్డి కోసుకునేవారు. రాజకుటుంబం వేట హక్కు 1972 దాకా నిలిచింది.

స్వాతంత్ర్యం వచ్చిన పాతికేళ్లు అడవికి మహా చెడ్డకాలం. రాజు అదుపు పోయింది, సర్కారు అదుపు ఇంకా రాలేదు. జీపు, టార్చిలైటు, చవక తుపాకి దొరికినవాడల్లా వేటగాడే. విదేశీయులకు పులిని చూపించి కాల్పించే షికారు కంపెనీలు వెలిశాయి. పులి తోళ్లు బజార్లో బహిరంగంగా అమ్ముడుపోయాయి. 1961లో ఎలిజబెత్ రాణి వెంట వచ్చిన ప్రిన్స్ ఫిలిప్ రణథంబోర్ ప్రాంతంలో పులిని కాల్చాడు. రాజులూ తక్కువ తినలేదు. సర్గూజా మహారాజు ఖాతాలో వెయ్యికి పైగా పులులు. కొరియా సంస్థానం మహారాజు 1947లో మూడు చీతాలను ఒకే రాత్రి కాల్చాడు. దేశంలో చీతా జాడ ఖాయంగా తెలిసింది అదే ఆఖరుసారి. 1952లో అది అంతరించిందని ప్రకటించారు.

మలుపు 1969 నవంబర్‌లో ఢిల్లీలో జరిగిన అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం సభ దగ్గర మొదలైంది. 1970లో పులివేట నిషేధించారు. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ ఏటి లెక్కలో తేలిన పులులు 1,827. 1973 ఏప్రిల్ 1న కార్బెట్‌లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది, తొలి విడతలో తొమ్మిది అడవులు. రెండేళ్ల తేడాలో రాజవంశాలు భరణాన్నీ వేటనూ పోగొట్టుకున్నాయి. చిత్రమేమిటంటే ఆ చట్టం ముసాయిదా రాసిన రంజిత్‌సింహ్ వాంకానేర్ రాజకుటుంబీకుడు. ప్రాజెక్ట్ టైగర్‌ను ముందుండి నడిపించిన మంత్రి కరణ్ సింగ్ కాశ్మీర్ ఆఖరి మహారాజు కొడుకు. తాతలు కాల్చిన మృగాలను మనవలు నిలబెట్టారు. వాళ్లకు ఈ దేశం రుణపడి ఉంది, ఆ మాట గట్టిగానే చెబుతాను. చట్టంలో మిగిలిన వేట లైసెన్సులను సైతం 1991 సవరణ తీసిపారేసింది.

అయితే ఆ మనవలకు అడవి తెలిసింది కోట గవాక్షం నుంచి. మనిషి కాలు పెట్టని అడవే అసలైన అడవన్న నమ్మకం చట్టంలోకీ వచ్చింది. మళ్లీ భరత్‌పూర్‌కే వెళదాం. నేషనల్ పార్కు అయ్యాక 1982లో మేత నిషేధించారు. ఆ నవంబర్‌లో గేదెలను తోలుకొచ్చిన పల్లెజనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చచ్చిపోయారు. తర్వాత బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఏళ్ల తరబడి అక్కడే పరిశోధన చేసి తేల్చిందేమిటి? గేదెలు మేయకపోయేసరికి నీటిగడ్డి దట్టంగా అల్లుకుని నీటిని కప్పేసింది. చేపకూ పక్షికీ ఖాళీ నీరు కరువైంది. చిత్తడినేలకు గేదె శత్రువు కాదు, పనిమనిషి. ఆ సంగతి మేపుకునేవాళ్లను అడిగుంటే చెప్పేవారు. సైబీరియా కొంగల జంట 2001-02 శీతాకాలం తర్వాత తిరిగి రాలేదు. వలస దారిలో వేటా, ఇతర కష్టాలూ దానికి కారణాలు, ఆ తప్పంతా పార్కు మీద వేయడం అన్యాయం. ఆ కాల్పులు మాత్రం తప్పే. ఎవరైనా క్షమాపణ చెప్పి ఉండాల్సింది.

2005 నాటికి సరిస్కాలో ఒక్క పులి కూడా లేదని బయటపడింది. అల్వార్ రాజు కంచె, ఆపైన సర్కారు కంచె, రెండూ ఉన్నచోటే దొంగవేటగాళ్లు అన్నిటినీ తీసుకుపోయారు. సునీతా నారాయణ్ అధ్యక్షతన వేసిన టైగర్ టాస్క్‌ఫోర్స్ ఊళ్లను పగవాళ్లను చేసుకుని పులిని నిలపలేమని రాసింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అదే ఏడు పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. 2006 అంచనాలో 1,411కు పడిపోయిన పులులు 2022 అంచనాలో 3,682కు చేరాయి. గిర్ సింహాలు 2020లో 674 ఉంటే 2025లో 891. ఈ అంకెలు చూస్తే నిజంగా గుండె నిండుతుంది.

ఇక మనకు చీతాలను ఇచ్చిన నమీబియా సంగతి. అక్కడ 1975 చట్టం కంచె వేసుకున్న పెద్ద భూముల యజమానులకు ఆ భూమిలోని కొన్ని జాతుల వేటజంతువుల మీద హక్కు ఇచ్చింది. పర్మిట్లు, కోటాలు సర్కారు చేతిలోనే ఉంటాయి. 1996లో అలాంటి హక్కునే ఉమ్మడి భూములున్న గ్రామాలకూ ఇచ్చారు. పశువులను మేపిన రైతులు జింకలను పెంచడం మొదలుపెట్టారు. ఆ దేశపు చీతాల్లో అధికభాగం పార్కుల్లో కాదు, పొలాల్లోనే బతుకుతున్నాయి. 2022 సెప్టెంబర్ 17న ఎనిమిది చీతాలు ఆ దేశం నుంచి మధ్యప్రదేశ్‌లోని కూనోకు వచ్చాయి. గిర్ సింహాలను తెస్తామని చెప్పి 24 ఊళ్లను, ఎక్కువగా సహరియా గిరిజనులను, అంతకు ఇరవై ఏళ్ల ముందే ఖాళీ చేయించిన అడవి అది. సుప్రీంకోర్టు 2013లో చెప్పినా సింహాలు రాలేదు. ఊళ్లు మాత్రం పోయాయి.

ఇక్కడ మళ్లీ వేట తెరవాలని నేను అనను. నమీబియాలో భూమి ఎక్కువ, మనిషి తక్కువ, ఇక్కడ అంతా తలకిందులు. డబ్బున్నవాడికి తుపాకి ఇస్తే మళ్లీ నెక్కొండ డేరాలే లేస్తాయి. నాకు వాళ్ల దగ్గర నచ్చింది తుపాకి కాదు, వాటా. మృగం బతికితే పక్కింటివాడికి ఏదో ఒకటి దక్కుతుందన్న ఏర్పాటు. మన చట్టంలో చచ్చిన పులి సర్కారు ఆస్తి, బతికిన పులి తిన్న ఆవు మాత్రం రైతు నష్టం. పరిహారం కోసం తిరగాల్సిందీ రైతే.

నల్లమలలో ఈ కథ ఇప్పుడు కొత్త దారి తొక్కింది. అమ్రాబాద్ పీఠభూమి మీద ఫరహాబాద్‌లో నిజాం వేట బంగళా ఉండేది. ఆ చుట్టుపక్కల పెంటలనే చిన్న గూడేల్లో చెంచులు తేనె తీస్తూ, దుంపలు తవ్వుకుంటూ బతికారు. 1940లలో వాళ్ల మధ్య గడిపిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆ అడవి మీద వాళ్లకు హక్కు ఉండాలని నిజాం సర్కారుకు చెప్పాడు. 1978లో ఆ అడవి అభయారణ్యమైంది, 1983లో పులుల ప్రాజెక్టులో చేరింది. ఊళ్లు తరలించాలన్న మాట అప్పటినుంచీ వినిపిస్తూనే ఉంది. అయినా ఇవాళ అటవీశాఖ బేస్ క్యాంపుల్లో జాడలు పట్టేది, ఉచ్చులు ఏరేది, నిప్పు ఆర్పేది చాలాచోట్ల చెంచు కుర్రాళ్లే. 2019లో యురేనియం కోసం అమ్రాబాద్‌లో తవ్వకాల సర్వేకు పూనుకున్నప్పుడు ముందుగా అడ్డం నిలబడ్డది ఆ పెంటలూ పల్లెలే. ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వొద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ పెంటల్లో చాలామంది చేతికి అటవీ హక్కుల పత్రం మాత్రం ఇంకా రావాల్సే ఉంది.