చుక్కల లెక్కతో కొయ్య చెక్కిన యంత్రము

మన పట్టణములలో కర్రల అడితులున్న వీథి వెంట నడచువారికి నేడు ఉలిదెబ్బల చప్పుడు కంటె ఒకే శ్రుతిలో సాగు యంత్రపు రొద యెక్కువగా వినబడును. లోనికి తొంగిచూచినచో, తలుపుచెక్క మీద నెమలినో తామరతీగనో చెక్కుచున్న కత్తికి దరిదాపుల మనిషి యెవ్వడును కానరాడు, అల్లంత దూరమున కంప్యూటరు నెదుట కూర్చున్న కుర్రవాడు తప్ప. అందరును సి.ఎన్.సి. యని మూడక్షరములతో పిలుచు నీ యంత్రము ఇనుపపనివారి యింట పుట్టి, అచ్చటనే పెరిగి, ఆ పిమ్మట వడ్రంగి యింటికి వలసవచ్చినదని లోకమున నొక నమ్మిక కలదు. పెరిగినది అచ్చటనే, నిజము. పుట్టినది మాత్రము కొయ్యపనిలో, మూతబడిన యొక కుర్చీబల్లల కర్మాగారములో.

అంకెల యేలుబడి రాకపూర్వము కొయ్య చెక్కు యంత్రములు లేకపోలేదు. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో ఇంగ్లండునందలి పోర్ట్స్‌మౌత్ నౌకాశాలలో, ఓడల తెరచాప త్రాళ్ళు నడచు కొయ్య కప్పీలను చేయుటకై, ఫ్రాన్సున పుట్టిన మార్క్ బ్రూనెల్ ఊహింపగా హెన్రీ మాడ్‌స్లే నిర్మించి యిచ్చిన 45 యంత్రములు 1808వ సంవత్సరమున 1,30,000 కప్పీలను తయారుచేసెను. 110 మంది నేర్పరులు చేయవలసిన పనిని పదిమంది సామాన్యులు చేయగలిగిరని చెప్పుదురు. అయినను ఆ యంత్రములలో ఒక్కొక్కటి ఒక్క పనినే యెరుగును. బెజ్జము వేయునది బెజ్జమే వేయును.

అమెరికాలో థామస్ బ్లాంచర్డు 1819లో సాధించినది నా దృష్టిలో ఇంతకంటె గొప్పది. తరిమెన మీద గుండ్రని వస్తువునే తీయవచ్చును గాని, తుపాకి మడమ గుండ్రనిది కాదు. ఒకచోట సన్నము, ఒకచోట వెడల్పు, ఒకచోట వంపు. బ్లాంచర్డు, ముందుగా సిద్ధపరచిన మడమ నొకదానిని, మోటుకొయ్య నొకదానిని కలిసి తిరుగునట్లు అమర్చి, మొదటిదానిని రాచుకొనుచు పోవు చక్రము మిట్టకు లేచి పల్లమునకు దిగినప్పుడెల్ల, రెండవదానిపై తిరుగు కత్తిచక్రమును అట్లే లేచి దిగునట్లు చేసెను. స్ప్రింగుఫీల్డు ఆయుధాగారమువారు దానిని చేపట్టిరి. చెప్పుల అచ్చులు చేయువారును ఆ దారినే పట్టిరి. దీని కొరత యొక్కటే: నకలు తీయుటకు ముందుగా నిజమైన వస్తువొకటి యెదుట నుండవలెను. అరిగినచో మరల చేయవలెను. రూపు మారినచో అదియు మారవలెను.

ఆ కొరత తీరుటకు నూరేండ్లు దాటినవి. జాన్ పార్సన్స్ అను నతడు మిచిగన్ రాష్ట్రమున ట్రావర్స్ సిటీ యను చిన్న పట్టణమున తన తండ్రి కర్మాగారమును నడుపుచుండెను. కళాశాలలో చదివి పట్టము పుచ్చుకొన్నవాడు కాడు. 1942లో, రానున్న కాలము హెలికాప్టరులదని యొక పెద్దమనిషి చెప్పగా విని, సికోర్‌స్కీ సంస్థవారి నడిగి, తిరుగు రెక్కలకు పక్కటెముకల వలె లోపల నమర్చు కొయ్యబద్దల పనిని సంపాదించి, మొదట చెప్పిన మూతబడిన కుర్చీబల్లల కర్మాగారములో దానికి శ్రీకారము చుట్టెను. ఆ బద్ద రూపమును తెలుపుటకు సికోర్‌స్కీ వారు పంపినది నిండు గీత కాదు. 17 చుక్కలు మాత్రమే. వానిని వంపుబద్ద సాయమున చేతితో కలిపి, ఆ గీతకు సరిపడ కొయ్య అచ్చు కట్టి, దానికి బద్దలను అదిమి వంచవలెను. చుక్కలు కలిపి ముగ్గు వేయు మన ఆడువారికి ఇది వింతగా తోచదు. కాని ముగ్గు కొంచెము వంకరపోయినచో వాకిలికి వచ్చు నష్టము లేదు, రెక్క వంకరపోయినచో దానిని నమ్మి పైకెగిరినవాని ప్రాణమునకే ముప్పు.

కొంతకాలమునకు రెక్క యొకటి విరిగెను. దాని కారణములు వెదకుచు పోయిన పార్సన్స్, కొయ్యబద్దలకు మారుగా రేకుబద్దలను అచ్చువేయవలెనని తలపెట్టెను. కాని అట్టి వంపునకు ఉక్కు అచ్చును చెక్కుట యెట్లు? ఫ్రాంక్ స్టూలెన్ అను ఇంజనీరు, చిల్లుల కార్డులతో లెక్కలు కట్టు ఐ.బి.ఎం. యంత్రములను అప్పుడే ఆ కర్మాగారమునకు తెచ్చియుండెను. పార్సన్స్ అతని నడిగినది యిది: 17కు బదులు 200 చుక్కలను లెక్కకట్టి యీయగలవా, అదియు కత్తి సగము వెడల్పును ముందే మినహాయించి? స్టూలెన్ పట్టికలు సిద్ధపరచెను. అంతట యంత్రము కడ ముగ్గురు నిలిచిరి: ఒకడు సహస్రనామము చదువు పురోహితుని వలె అంకెలను బిగ్గరగా చదువును, ఒకడు నిడివి చక్రమును, వేరొకడు అడ్డు చక్రమును ఆ అంకెకు త్రిప్పుదురు, ఇరువురును కుదిరినంత కత్తి దిగి ఒక చుక్కను కోయును. మిగిలిన చిరుగరుకును ఆకురాయితో నునుపు చేసినచో వంపు సిద్ధము. ఎదుట నమూనా లేదు. ఉన్నది అంకెల జాబితా. బ్లాంచర్డు యంత్రపు కొరత తీరినది యిచ్చటనే యని నేను తలంతును.

తరువాతి కథ ప్రసిద్ధమే. ఆ ముగ్గురి స్థానమున కార్డులు చదువు యంత్రమును నిలుపదలచి పార్సన్స్ 1949లో వాయుసేన ధనసహాయమును పొంది, మోటారులను అదుపుచేయు విద్యకై మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయము నాశ్రయించెను. 1952లో అచ్చట ప్రదర్శింపబడిన యంత్రమునకు ఆజ్ఞలు చిల్లుల కాగితపు పట్టీపై వచ్చెను. వందలకొలది శూన్యనాళములు దానికి మెదడు. విద్యాలయమువారు అంతకుముందే వాయుసేనతో నేరుగా ఒడంబడిక చేసికొనగా పార్సన్స్ పొలిమేరన మిగిలెను. నాకిది న్యాయముగా తోచదు. 1958లో పేటెంటును, 1985లో స్టూలెన్‌తో కూడ జాతీయ సాంకేతిక పతకమును అతనికి దక్కినవి.

విమానపు లోహములకు తగిన ఖరీదైన యీ విద్య కొయ్య కడకు మెల్లగా తిరిగివచ్చెను. జపానులో హమమత్సు నగరపు షోడా సంస్థ 1968లో అంకెలతో నడచు కొయ్యరౌటరును చేసెను. వేడుకకు పనిచేయువారి యింటికి అది చేరుటకు ఇంకను మూడు దశాబ్దులు పట్టెను: ప్లైవుడ్డుతో పడవ కట్టగోరి, ఆ చెక్కలు కోయుటకు చవుకైన యంత్రము దొరకక, అమెరికాలో టెడ్ హాల్ తానే యొకటి కూర్చి 1996లో షాప్‌బాట్ సంస్థను నెలకొల్పెను. 2009లో నార్వేవాడైన సిమెన్ స్కోగ్‌స్రూడ్ వ్రాసి అందరికిని ఉచితముగా విడిచిన గెర్బల్ అను క్రమణిక, అరచేయి పట్టు ఆర్డ్యునో పలకతోనే అట్టి యంత్రములను నడిపించెను.

నేడు క్రొత్తగా నేర్చువాడు మూతదీసి చూచినచో లోపల ఆ ముగ్గురే కనబడుదురు. చదువువాడు క్రమణిక, అతడు చదువు జాబితా జి-కోడ్, అందు జి 0 అనగా కోయక వడిగా పొమ్మనియు, జి 1 అనగా కోయుచు తిన్నని గీతలో పొమ్మనియు అర్థము. చక్రములు త్రిప్పువారు ఎక్స్, వై మోటారులు. కత్తిని దించి లేపు జెడ్ మోటారు వేరుగా కలదు. సాధారణమైన స్టెప్పర్ మోటారు ఒక్క చుట్టును 200 అడుగులలో తిరుగును. స్టూలెన్ చుక్కలతో ఈ సంఖ్య కలియుట కాకతాళీయమే యైనను నాకు ముచ్చటగా నుండును. కత్తి సగము వెడల్పును మినహాయింపవలసిన చిక్కు అట్లే యున్నది; దానిని మరచినవాని కుసురు తొలిసారి రంధ్రమున బిగియక వదులుగా ఆడును. సున్న యెచ్చటనో యంత్రమునకు తెలియదు, చెక్కపై ఏ మూల నుండి లెక్క మొదలిడవలెనో మనమే చూపవలెను. కొయ్య నార యే వైపు పోవునో, ముడి యెచ్చట నున్నదో అది యెరుగదు. కత్తి ఒకేచోట నిలిచి తిరిగినచో కొయ్య మాడును, నారకెదురు పోయినచో అంచు చీలును. ఇవి వడ్రంగి యెరిగినవే, జాబితా యెరుగదు.

కావున క్రొత్తవారొక పని చేయుడు: వ్రాసిన జాబితాను మొదటిసారి చెక్క మీద కాక, చెక్కకు అంగుళము పైన గాలిలో, ఆపు మీటపై చేయి యుంచి, కడవరకు నడిపి చూడుడు.