ఫెంటన్ చర్య: ప్రయోగశాల నుంచి వ్యర్థజలాల శుద్ధికి

మురుగునీటిని సూక్ష్మజీవుల సాయంతో శుద్ధి చేసే పద్ధతులు మీకు ఇప్పటికే పరిచయం. అయితే కొన్ని పరిశ్రమల నీటి ముందు ఆ పద్ధతులు నిలవవు. ఫినాల్, అద్దకపు రంగులు, యాంటీబయాటిక్‌లు ఎక్కువగా ఉన్న నీటిలో శుద్ధి చేయవలసిన సూక్ష్మజీవులే పని చేయలేకపోతాయి, లేదా చనిపోతాయి. అటువంటి నీటికి రసాయన ఆక్సీకరణం అవసరమవుతుంది. ఈ సందర్భంలో తరచుగా వినిపించే పేరు ఫెంటన్ చర్య. విచిత్రమేమిటంటే, ఆ పేరు గల శాస్త్రవేత్తకు వ్యర్థజలాలతో ఏ సంబంధమూ లేదు.

1876లో హెన్రీ జాన్ హార్స్‌ట్‌మన్ ఫెంటన్ కేంబ్రిడ్జిలో ఇంకా విద్యార్థి. తోటి విద్యార్థి ఒకరు చేతికందిన ద్రావణాలను కలపగా ఊదా రంగు వచ్చిందనీ, దాని కారణం వెతకడంతో ఫెంటన్ పని మొదలైందనీ చెబుతారు. ఆ ఏడాది ఆయన 'కెమికల్ న్యూస్' పత్రికకు చిన్న లేఖ రాశారు. టార్టారిక్ ఆమ్లానికి కొద్దిగా ఫెర్రస్ లవణాన్నీ, కొన్ని చుక్కల హైడ్రోజన్ పెరాక్సైడ్‌నూ చేర్చి, ఆపైన క్షారం కలిపితే చక్కని ఊదా రంగు వస్తుందన్నది అందులోని విషయం. మన చింతపండు పులుపులో ముఖ్యమైన ఆమ్లం ఇదే. దాన్ని గుర్తించడానికి ఒక పరీక్ష దొరికింది, అంతే.

పూర్తి వివరాలతో వ్యాసం రావడానికి 1894 దాకా పట్టింది. అందులో మీరు గమనించవలసిన అంశం ఒకటుంది. ఇనుము చాలా కొద్దిగా ఉన్నా చాలు, ఎక్కువ ఆమ్లం ఆక్సీకరణం చెందుతుంది. అంటే ఇనుము ఇక్కడ ఉత్ప్రేరకంలా పనిచేస్తోంది. కానీ ఎలా? ఆ ప్రశ్నకు జవాబు వచ్చేసరికి ఫెంటన్ లేరు. ఆయన 1929లో మరణించారు.

జవాబు ఇచ్చినవారు ఫ్రిట్జ్ హేబర్, జోసెఫ్ వైస్. ఎరువులకు అమ్మోనియా తయారీ మార్గం చూపినవాడూ, మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువులను ప్రయోగించినవాడూ ఈ హేబరే. నాజీలు అధికారంలోకి వచ్చాక 1933లో ఆయన జర్మనీ విడిచి, కొన్ని నెలలు ఫెంటన్ ఊరైన కేంబ్రిడ్జిలోనే గడిపారు. 1934 జనవరిలో మరణించారు. వైస్‌తో కలిసి రాసిన వ్యాసం ఆ తరువాత వెలువడింది. ఫెర్రస్ అయాన్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడగొట్టినప్పుడు హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుందని వారు ప్రతిపాదించారు. దీని ఆక్సీకరణ శక్తి సుమారు 2.8 వోల్టులు, ఓజోన్‌కు 2.07, క్లోరిన్‌కు 1.36. క్షణంలో వెయ్యోవంతు కూడా నిలవని ఈ రాడికల్ తన దగ్గరున్న కర్బన అణువు దేన్నయినా తాకుతుంది. ఏది ముందు, ఏది వెనుక అనే ఎంపిక దానికి పెద్దగా లేదు. దాని బలమూ, బలహీనతా ఇదే.

1960వ దశకంలో ఈ చర్యను ఫినాల్ వ్యర్థాలపై పరీక్షించారు. 1987లో గ్లేజ్, ఆయన సహచరులు హైడ్రాక్సిల్ రాడికల్‌పై ఆధారపడే పద్ధతులన్నిటినీ 'అధునాతన ఆక్సీకరణ ప్రక్రియలు' అనే ఒకే పేరు కిందకు తెచ్చారు. ఈ పేరు మీకు పరీక్షల్లో తప్పక ఎదురవుతుంది.

ఇక మనకు దగ్గరి ఉదాహరణ చూడండి. హైదరాబాదు శివారు పటాన్‌చెరు ప్రాంతంలో సుమారు 90 బల్క్ డ్రగ్ పరిశ్రమల వ్యర్థజలాలను స్వీకరించే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటకు వచ్చిన నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించారు. 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. శుద్ధి అయిన తరువాతి నీరు ఇది అని మరవకండి. అటువంటి నీటిలో బతికే బాక్టీరియా మందులకు లొంగని రకాలుగా మారే ప్రమాదం ఉంది. అందుకే యాంటీబయాటిక్‌ను ఫ్యాక్టరీలోనే, ఇతర నీటితో కలవకముందే విడగొట్టాలన్న వాదన బలంగా ఉంది. ఫెంటన్ చర్య అందుకు ఒక మార్గం.

కానీ అది సులువు కాదు. చర్య బాగా జరగాలంటే పి.హెచ్. సుమారు 3 ఉండాలి. కాబట్టి ముందు ఆమ్లం, తరువాత సున్నం లేదా క్షారం కొనాలి. క్షారం కలిపినప్పుడు ఇనుము ఎర్రటి మడ్డిగా దిగుతుంది. ఆ మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది మరో సమస్య. మందుల పరిశ్రమల నీటిలో లవణాలు విపరీతం. క్లోరైడ్ అయాన్లు రాడికల్‌లను కర్బన పదార్థాల కంటే ముందే కాజేస్తాయి. పైగా చర్య మధ్యలో ఆగితే అణువు సగమే విరుగుతుంది, ఆ ముక్క అసలు దానికంటే విషపూరితం కావచ్చు.

ప్రయోగం చేసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. నీటిలో మిగిలిపోయిన పెరాక్సైడ్ సి.ఓ.డి. పరీక్షలోని డైక్రోమేట్‌తో చర్య జరిపి, విలువను అసలు కంటే ఎక్కువగా చూపిస్తుంది. కాబట్టి నమూనాలో పెరాక్సైడ్ లేకుండా చేశాకే సి.ఓ.డి. కొలవాలి.