ముర్దా కాదు, జుబాన్ మారింది

ఇంటికి కొత్త కంప్యూటర్ వచ్చింది. పాతదానిలోని హార్డ్ డిస్క్ తీసి తగిలిద్దామంటే, దాని వెడల్పాటి కేబుల్‌కు కొత్త బోర్డులో జాగాయే లేదు. యూఎస్‌బీ అడాప్టర్ కొని బిగించాను. అయినా జవాబు లేదు. "ఖతమ్ భాయ్, పారేయండి" అన్నాడు దుకాణదారు. అందులో మర్హూమ్ అబ్బాజాన్ ఆవాజ్ ఉంది. ఎలా పారేస్తాను?

దాని తారీఖ్ తిరగేశాను. 1956లో ఐబీఎం తెచ్చిన మొట్టమొదటి హార్డ్ డిస్క్ బీరువాలంత ఉండేది. 50 పళ్ళేలు కలిసి దాచింది 50 లక్షల అక్షరాలే. 1986 నాటికి కాంపాక్ మెషీన్లలో ఐడీఈ వచ్చింది. ఒకే కేబుల్‌పై రెండు డిస్కులు. ఏది మాస్టర్, ఏది స్లేవ్ అనేది డిస్క్ వెనక జంపర్ అనే చిన్న ముక్క తేలుస్తుంది. 2003 ప్రాంతంలో సాటా బజారుకొచ్చింది. డిస్కుకో కేబుల్, మాస్టర్-స్లేవ్ జంఝాటమే లేదు. 2006లో ఇంటెల్ తన కొత్త చిప్‌సెట్ల నుంచి ఐడీఈని రుఖ్సత్ చేసింది.

అప్పుడు అసలు సంగతి యాదికొచ్చింది. మా డిస్క్ ఒకప్పుడు రెండోది. దాని జంపర్ ఇంకా స్లేవ్ మీదే ఉంది. మాస్టర్ మీదికి మార్చాను. కరెంటుకు అడాప్టర్‌తో వచ్చిన వేరే ప్లగ్ పెట్టాను. డిస్క్ గిర్రున తిరిగింది, తెర మీద కనిపించింది.

ముందు ఆ ఆవాజ్‌ను రెండు చోట్ల నకలు చేశాను. తర్వాతే విన్నాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి అమానత్ ఉంటే, పారేసే ముందు ఒక్కసారి జంపర్ చూడండి.