రందా మిషన్: ఒక ఇరుసు, రెండు పనులు

భీమ్‌గల్‌లో పసుపు అమ్ముడుపోయి డబ్బు చేతికందాక ఇండ్ల పనులు ఊపందుకుంటాయి. ఇంటి పనంటే ముందు దర్వాజలే. గల్ఫ్‌లో చెమటోడ్చి సంపాదించింది కూడా నిజామాబాద్ జిల్లా ఊళ్లలో ఎక్కువగా టేకు దర్వాజలై, నగిషీ తలుపులై నిలబడింది. ఆ కలప ఇప్పుడు వడ్ల కార్ఖానలో రందా మిషన్ ఎక్కాల్సిందే. చేతి రందాతో పూటంతా చిత్రిక పట్టాల్సిన చెక్కను మిషన్ నిమిషాల్లో తేల్చేస్తుంది. ఈ రూపానికి రావడానికి దానికి రెండు వందల ఏండ్లు పట్టింది. ఆ ప్రయాణంలో వేగం పెరగడం కన్నా పనివాడి వేళ్లు దక్కడమే పెద్ద విషయమని నా అభిప్రాయం.

మిషన్ చేయాల్సిన పనులు రెండు. మొదటిది సాపు చేయడం. రెండు ఇనుప బల్లల మధ్య బ్లేడ్ల ఇరుసు తిరుగుతుంది. వెనుక బల్ల సరిగ్గా బ్లేడు మొన ఎత్తులో ఉంటుంది, ముందు బల్ల ఎంత తీయాలో అంత దిగువన ఉంటుంది. పలకను ముందునుంచి తోస్తే ఎత్తున్న చోటల్లా తెగి ఒక ముఖం చదునవుతుంది. రెండోది మందం సరిచేయడం. ఇందులో బ్లేడు పైన, పలక కింద. రోలర్లే పలకను లాక్కుంటాయి. మొదటి పని ఎగ్గొట్టి వంకర పలకను నేరుగా రోలర్లకిస్తే, అవి దాన్ని అణచిపట్టి చెక్కుతాయి. బయటికి రాగానే పలక మళ్లీ వంగుతుంది. మందం తగ్గుతుంది తప్ప వంకర పోదు. నాలుగు రోజులకే ఒరుసుకునే తలుపుల్లో చాలావాటికి కారణం ఇదే.

చిత్రికకు యంత్రం కట్టాలన్న ఆలోచనకు ఇంగ్లండ్‌లో శామ్యూల్ బెంథామ్ 1791లో పేటెంటు తీసుకున్నాడు. 1802లో జోసెఫ్ బ్రామా మరో పద్ధతికి పేటెంటు పొందాడు. ఆయన యంత్రం వూలిచ్ ఆయుధాగారంలో పనిచేసింది. పలకను రోలర్లు లాగుతుండగా తిరిగే ఇరుసు బ్లేడ్లు చెక్కే పద్ధతికి మాత్రం అమెరికాలో విలియం వుడ్‌వర్త్ 1828లో తీసుకున్న పేటెంటే దారి వేసింది. దాని గడువును పొడిగిస్తూ 1856 దాకా లాక్కొచ్చారు. అన్నేండ్లూ ఆ పద్ధతిలో యంత్రం నడపాలంటే హక్కుదారులకు సొమ్ము కట్టాల్సిందే. కోర్టు కేసులకు లెక్కలేదు. చిన్న కార్ఖానకు అది అందని పండే.

మన దగ్గర కర్ర పని భారీగా సాగిన చోటు సికింద్రాబాద్‌లోని లాలాగూడ రైల్వే వర్క్‌షాప్. నిజాం రైల్వే కోసం అది 1893లో మొదలైంది. ఆ రోజుల్లో బోగీలకు కర్రే ఒళ్లు. అలాంటి వర్క్‌షాపులకు ఒక్కో పనికి ఒక్కో యంత్రం పెట్టుకునే తాహతు ఉంటుంది. ఇద్దరు ముగ్గురు పనిచేసే వడ్లాయన కొట్టుకు ఆ జాగా లేదు, ఆ పెట్టుబడీ లేదు. అందుకే రెండు పనులనూ ఒకే ఇరుసుకు అప్పగించిన జంట యంత్రం అతనికి వరమైంది. ఇరుసు పైభాగం సాపు చేస్తుంది, కిందిభాగం మందం తీస్తుంది. ఖరీదైన మోటారు, బేరింగులు, బ్లేడ్లు ఒక్క జతతో సరిపోతాయి.

పాత యంత్రాల్లో ఆ ఇరుసు చదరంగా ఉండేది. నాలుగు పలకల ఇనుప దిమ్మకు బ్లేడ్లను బోల్టులతో బిగించేవాళ్లు. దిమ్మ మూలలకు, బల్ల అంచుకు మధ్య పెద్ద సందు. తోస్తున్న చెక్క ఎగిరినా, చేయి జారినా ఆ సందు వేళ్లను లోపలికి లాక్కునేది. 20వ శతాబ్దం తొలి దశకంలో జర్మనీలో గుండ్రటి ఇరుసు వాడుకలోకి వచ్చింది. దిమ్మ గుండ్రంగా ఉండి బ్లేడు మొన కొద్దిగానే బయటికి కనబడుతుంది కాబట్టి సందు చిన్నదైంది. చేయి పడితే గాయం తప్పదు, కానీ చేయి పోదు. ఈ యంత్రం చరిత్రలో ఇంతకు మించిన మెరుగుదల లేదంటాను. బ్రిటన్ 1922 నిబంధనల్లో, చేత్తో తోసే రందా యంత్రాలకు గుండ్రటి ఇరుసు తప్పనిసరి చేసింది. మన 1948 ఫ్యాక్టరీల చట్టం కింద వచ్చిన రాష్ట్ర నియమాల్లోనూ అదే షరతు చేరింది. ఇరుసు సందును పూర్తిగా కప్పే బ్రిడ్జి గార్డు ఉండాలనీ రాశారు. అయితే ఆ చట్టం కరెంటుతో నడిచే చోట కనీసం పది మంది పనివాళ్లు ఉంటేనే వర్తించేలా పుట్టింది. చిన్న వడ్ల కార్ఖాన దాని కంటికి ఆననే లేదు.

జంట యంత్రంలో అసలు చిక్కు పని మార్చేటప్పుడు వస్తుంది. మందం తీయాలంటే పై బల్లలు అడ్డు తప్పుకోవాలి. బల్లలను ఊడదీసి పక్కన పెట్టి మళ్లీ బిగిస్తే, రెండూ ఒకే మట్టంలోకి రావడం కష్టం. వెంట్రుకవాసి తేడా వచ్చినా పొడవాటి దర్వాజ కమ్మీ మధ్యలో లొట్ట పడుతుంది. యూరప్ కంపెనీలు బల్లలకు గట్టి బందులు పెట్టి, రెండూ ఒకే వైపుకు తెరుచుకునేలా, మూశాక తాళం పడి అదే మట్టంలో కూర్చునేలా చేశాయి. జపాన్ మకీటా వాళ్లు 2030 మోడల్‌లో మరో దారి పట్టారు. సాపు చేసేదాన్నీ మందం తీసేదాన్నీ ఒకే చట్రంలో పక్కపక్కన పెట్టారు. అందులో మార్చే పనే లేదు, కాకపోతే సాపు చేసే వైపు వెడల్పు సగమే.

బ్లేడ్ల సంగతి టేకు పని చేసేవాళ్లకు బాగా తెలుసు. టేకులో సిలికా ఉంటుంది, అంటే ఇసుక జాతి. మామూలు బ్లేడు పదును దాని ముందు ఎక్కువసేపు నిలవదు. పదును పెట్టిన ప్రతిసారీ బ్లేడు కట్టాలి. వెనుక బల్ల మీద తిన్నటి కర్ర ముక్క పెట్టి ఇరుసును చేత్తో మెల్లగా తిప్పితే, బ్లేడు మొన దాన్ని కొద్దిగా ముందుకు జరుపుతుంది. ఆ జరుగుడు రెండు చివర్లా సమానంగా వచ్చేదాకా బోల్టులు వదులు చేస్తూ, బిగిస్తూ ఉండాలి. ఓపిక లేకపోతే చెక్క మీద మెట్లు పడతాయి. టెర్సా బ్లేడ్లు ఈ తిప్పలు తీర్చాయి. అవి గాడిలోకి జారి, ఇరుసు తిరిగే ఊపుకే బిగుసుకుంటాయి. ఆ తర్వాతివి చిన్న కార్బైడ్ బిళ్లలను మెలికగా అమర్చిన ఇరుసులు. ఒక్కో బిళ్లకు నాలుగు అంచులు. ఒకటి మొద్దుబారితే తిప్పి పెట్టుకుంటే చాలు. వేప, మద్ది లాంటి పెనవేసిన నారల కలపలోనూ పీచు లేవడం తగ్గింది, రొద కూడా తగ్గింది. కాకపోతే ధర ఎక్కువ.

మన చిన్న కార్ఖానలకు చేరిన యంత్రం వీటన్నిటికన్నా చవకది. ఇరుసు ఒక కొనకు గుండ్రటి రంపం, డ్రిల్లు కూడా తగిలించి ఇస్తారు. ఒకే మోటారుతో నాలుగు పనులు అవుతాయని కొంటారు, ఆ లెక్క తప్పు కాదు. కానీ రందా పడుతున్నంతసేపూ పక్కన రంపం కూడా ఊరికే తిరుగుతూనే ఉంటుంది, చాలాచోట్ల దానికి మూత ఉండదు. పని లేనప్పుడు రంపాన్ని విప్పి పెట్టాలి, లేదా రేకు డబ్బాతో కప్పాలి. బ్రిడ్జి గార్డుకైతే కావలసింది ఒక గట్టి పట్టీ, పలక మందాన్ని బట్టి పైకీ కిందికీ కదిలే ఒక చేయి, బల్ల పక్కకు బిగించే రెండు బోల్టులు. వాటి కోసం యూరప్ నుంచి సామాను తెప్పించుకోనక్కర్లేదు. కొలత ఇస్తే భీమ్‌గల్‌లోనో ఆర్మూర్‌లోనో వెల్డింగు దుకాణంలోనే చేయించుకోవచ్చు.